తప్పెంత, దిద్దుబాటెంత: నార్బర్ట్ వీనర్ జీవితం

ఇమేజ్ ప్రాసెసింగ్ సిలబస్‌లో వీనర్ ఫిల్టర్ అని ఒక టాపిక్ ఉంటుంది. మసకగా, నాయిస్‌తో నిండిపోయిన ఫోటోని వీలైనంత తక్కువ ఎర్రర్‌తో బాగుచేసే పద్ధతి. పరీక్షకి ఆ ఫార్ములా గుర్తుంటే చాలు, ఆ పేరు ఎవరిదో ఎవరూ అడగరు. నేను ఆ పేరు పట్టుకుని చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆపలేకపోయాను. ఈయన పద్దెనిమిదేళ్ళకే హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశాడని తెలిసి ముందు కాస్త ఒళ్ళు మండింది (నాకిప్పుడు పందొమ్మిది, ఇంకా బ్యాక్‌లాగ్‌ల భయంలోనే ఉన్నాం అందరం). కానీ నన్ను పట్టి ఉంచింది అది కాదు. మెదడుకి తను తప్పు చేస్తున్నానని ఎలా తెలుస్తుంది, తెలిశాక ఎంత దిద్దుకోవాలో ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నని ఇంజనీరింగ్ భాషలో వేసినవాళ్ళలో ఈయన ముందువరసలో ఉంటాడు. తప్పు దిద్దడం అనే పని వల్లే చిన్నప్పుడు బాగా దెబ్బతిన్న మనిషి కూడా ఈయనే.

నార్బర్ట్ 1894 నవంబర్ 26న అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి లియో వీనర్ మామూలు మనిషి కాదు. రష్యా సామ్రాజ్యం కింద ఉన్న బియాలిస్టాక్‌లో పుట్టి, టాల్‌స్టాయ్ భావాలు తలకెక్కి, శాకాహారుల కాలనీ ఒకటి పెడదామని అట్లాంటిక్ దాటి వచ్చాడు. కాలనీ లేదు ఏం లేదు, చేతిలో డబ్బు కూడా లేదు. ఏవేవో పనులు చేసి, భాషలు చెప్పుకుంటూ చివరికి హార్వర్డ్‌లో స్లావిక్ భాషల ప్రొఫెసర్ అయ్యాడు. టాల్‌స్టాయ్ రచనలు 24 సంపుటాలు ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇలాంటి తండ్రికి మొదటి కొడుకు పుడితే ఊరికే వదిలేస్తాడా? బడి సరిగ్గా కుదరలేదని ఇంట్లోనే తనే చదువు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ పాఠాలు ఎలా సాగేవో వీనర్ పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆల్జీబ్రా పాఠం మెల్లగా, సరదాగానే మొదలయ్యేది. తండ్రి తన పని తాను చేసుకుంటూ ఒక చెవి ఇటు పడేసేవాడు. పిల్లాడు మొదటి తప్పు చెయ్యగానే ఆ మెత్తటి మనిషి మాయమైపోయేవాడు. గొంతు పెరిగేది, తిట్లు మొదలయ్యేవి. ఆ భయంతో రెండో తప్పు వచ్చేది. దాంతో అరుపులు ఇంకా పెరిగేవి. చాలా రోజులు పాఠం ముగిసేసరికి తండ్రి మండిపడుతూ, పిల్లాడు ఏడుస్తూ, మధ్యలో తల్లి బెర్తా అడ్డం పడుతూ ఉండేది. మన ఇళ్ళల్లో నాన్న ముందు చేతులు కట్టుకుని ఎక్కాలు ఒప్పజెప్పిన వాళ్ళకి ఈ సీన్ కొత్తేం కాదు. పన్నెండో ఎక్కం దగ్గర ఒకసారి ఆగితే, తర్వాత తొమ్మిదో ఎక్కం కూడా మర్చిపోతాం.

ఎనిమిదేళ్ళప్పుడు కళ్ళు బాగా దెబ్బతింటున్నాయని డాక్టరు ఆరు నెలలు ఏమీ చదవొద్దన్నాడు. తండ్రి పాఠాలు ఆపలేదు, నోటితో నడిపించాడు. పుస్తకం లేదు, పలక లేదు. లెక్కంతా బుర్రలోనే చెయ్యాలి. తర్వాత జీవితమంతా వీనర్‌కి పనికొచ్చిన జ్ఞాపకశక్తి ఆ ఆరు నెలల్లో పదునెక్కిందంటారు. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తండ్రి ఒట్టి విలన్ కాదు. వీనర్ కూడా తన పుస్తకంలో ఆయన్ని అలా చూపించలేదు. ప్రేమ, గౌరవం, కోపం మూడూ కలిసిపోయి ఉంటాయి ఆ పేజీల్లో.

పదకొండేళ్ళకి హైస్కూల్ అయిపోయింది. పద్నాలుగేళ్ళకి, 1909లో, టఫ్ట్స్ కాలేజీలో మ్యాథ్స్ డిగ్రీ. పేపర్లవాళ్ళు వెంటపడ్డారు. ఆ తర్వాత హార్వర్డ్‌లో జువాలజీ చేద్దామని వెళితే అక్కడ బోల్తా పడ్డాడు. చూపు మందం, చేతులు మొరటు. డిసెక్షన్ చెయ్యలేడు, మైక్రోస్కోప్ కింద చూసింది బొమ్మ గియ్యలేడు. కళ్ళు, చేతులు ఒకదానికొకటి సరిగ్గా కబురు అందించుకోని ఒంటితో బతికిన పిల్లాడన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. జువాలజీ వదిలి, కార్నెల్‌లో ఒక ఏడాది ఫిలాసఫీ చదివి, మళ్ళీ హార్వర్డ్ వచ్చి 1913లో మ్యాథమెటికల్ లాజిక్‌లో పీహెచ్‌డీ తీసుకున్నాడు.

ఈలోపు 1911లో ఒక పత్రికలో లియో పెంపకం మీద వ్యాసం వచ్చింది. తన పిల్లలు పుట్టుకతో మేధావులేం కాదని, ఇదంతా తన శిక్షణ ఫలితమని తండ్రి చెప్పిన మాట అందులో ఉంది. అది చదివి కొడుకు కుంగిపోయాడు. అంటే గెలుపులన్నీ నాన్న ఖాతాలోకి, ఓటములన్నీ తన ఖాతాలోకి వెళ్ళిపోయాయని ఆయనకి అర్థమైంది. నన్నడిగితే ఆ ఇంటి ట్రాజెడీ అంతా ఆ లెక్కలోనే ఉంది. తప్పు జరిగినప్పుడు సిగ్నల్ కొడుక్కి వస్తుంది, పెద్దగా, గట్టిగా. ఒప్పు జరిగినప్పుడు ఆ సిగ్నల్ ఇంకెవరికో వెళుతుంది. తర్వాత జీవితాంతం ఆయన మూడ్ ఆకాశానికి ఎగరడం, పాతాళానికి పడటం మధ్య ఊగుతూనే ఉంది. డిప్రెషన్ వదల్లేదు. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ పట్టుకుని నా పని బావుందా అని అడిగే అలవాటు కూడా పోలేదు.

మధ్య సంగతులు తొందరగా చెప్పేస్తాను. కేంబ్రిడ్జిలో రసెల్ దగ్గర, గొట్టింగెన్‌లో హిల్బర్ట్ దగ్గర చదివాడు. 1919లో ఎమ్ఐటీలో చేరి చివరిదాకా అక్కడే ఉన్నాడు. నీళ్ళలో పుప్పొడి రేణువు వణికే బ్రౌనియన్ మోషన్‌కి గట్టి గణితం కట్టాడు, దాన్నే ఇప్పుడు వీనర్ ప్రాసెస్ అంటున్నాం. 1926లో మార్గరెట్ ఎంగెమాన్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఎమ్ఐటీ కారిడార్లలో ఆలోచిస్తూ గోడకి వేలు ఆనించి నడిచేవాడని, ఏదైనా క్లాస్‌రూమ్ తలుపు తీసి ఉంటే ఆ వేలు వెంటే లోపలికెళ్ళి, గది చుట్టూ తిరిగి బయటికొచ్చేవాడని ఒక కథ. నిజమో కాదో గానీ, లైన్ ఫాలోవర్ రోబో చేసినవాళ్ళు ఈ కథ విని నవ్వకుండా ఉండలేరు.

అసలు విషయం 1940లో మొదలవుతుంది. ఇంగ్లండ్ మీద జర్మన్ బాంబర్లు విరుచుకుపడుతున్న రోజులు. కింది నుంచి పేల్చిన ఫిరంగి గుండు విమానం ఎత్తుకి చేరడానికి పది, ఇరవై సెకన్లు పడుతుంది. గంటకి 400 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఇరవై సెకన్లలో రెండు కిలోమీటర్లు దాటిపోతుంది. కాబట్టి విమానం ఇప్పుడు ఉన్నచోటికి కాదు, అప్పటికి ఉండబోయే చోటికి గురిపెట్టాలి. వీనర్, జూలియన్ బిగెలో అనే కుర్ర ఇంజనీరు కలిసి ఈ అంచనా వేసే యంత్రం మీద పడ్డారు.

పైలట్ తిన్నగా పోడు కదా, కింద గుండ్లు పేలుతుంటే అటూ ఇటూ తిప్పుతాడు. అయితే ఎంత తిప్పినా విమానానికి బరువుంది, వేగముంది, పైలట్ చేతులకి ఒక అలవాటుంది. పూర్తిగా ఇష్టమొచ్చినట్టు తిరగలేడు. దీన్ని ల్యాబ్‌లో చూడటానికి ఒక వెలుగు చుక్కని కదిలిస్తూ, ఇంకో చుక్కతో దాన్ని వెంటాడమని మనుషుల్ని కూర్చోబెట్టారు. చేతిలో కంట్రోల్ కావాలనే మొండిగా, ఆలస్యంగా పనిచేసేలా పెట్టారు. ఒక్కొక్కడు చేసే తప్పులకి ఒక్కో పద్ధతి కనపడింది. ఒకడి తప్పులు ఇంకొకడి తప్పుల్లా లేవు, కానీ ఎవడి తప్పులు వాడి పాత తప్పుల్లానే ఉన్నాయి. చేతిరాతలాగ.

అక్కడే వీనర్ బుర్రలో లైటు వెలిగింది. పైలట్ చేసేదీ, కింద గన్నర్ చేసేదీ ఒకటే పని. కావలసిన చోటు ఒకటి, ఉన్న చోటు ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య తేడాయే ఎర్రర్. దాన్ని చూసి కదలిక మార్చుకోవడం, మళ్ళీ చూడటం, మళ్ళీ మార్చుకోవడం. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే ఇంతే. మీరు టేబుల్ మీద గ్లాసు అందుకునేటప్పుడు ఏ కండరం ఎంత బిగించాలో లెక్కేసుకోరు. చేతికీ గ్లాసుకీ మధ్య దూరం తగ్గుతోందా లేదా అన్న కబురు మెదడుకి అందుతూనే ఉంటుంది, దాన్నిబట్టి చెయ్యి సర్దుకుంటుంది.

కానీ ఏ ఫీడ్‌బ్యాక్‌కైనా ఒక జబ్బుంది. హాస్టల్లో గీజర్ కుళాయి తిప్పిన వాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయని వేడి వైపు కాస్త తిప్పుతాం. వెంటనే మారవు కాబట్టి ఇంకా తిప్పుతాం. అప్పుడు ఒక్కసారిగా చెయ్యి కాలుతుంది, కంగారుగా చల్ల వైపు మొత్తం తిప్పేస్తాం. మళ్ళీ వణుకు. నీళ్ళు ఇటూ అటూ ఊగుతూనే ఉంటాయి తప్ప సరైన వేడి దగ్గర నిలవవు. సమాచారం ఆలస్యంగా వచ్చి, దిద్దుబాటు మోతాదు మించితే, దిద్దిన కొద్దీ తప్పు పెరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని గెయిన్ ఎక్కువైపోవడం అంటారు. ఆ రోజుల్లో తుపాకులు తిప్పే మోటార్లు కూడా ఇలాగే ఊగిపోయేవి.

మరి మనిషిలో కూడా ఉన్నది ఇదే ఏర్పాటైతే, ఈ జబ్బు కూడా మనిషికి రావాలి కదా? వీనర్, బిగెలో సరిగ్గా ఈ ప్రశ్నే తమ స్నేహితుడు ఆర్టురో రోసెన్‌బ్లూత్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మెక్సికో నుంచి వచ్చిన ఫిజియాలజిస్టు, అప్పుడు హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఉన్నాడు. ఏదైనా వస్తువు అందుకోబోతే చెయ్యి దాన్ని దాటిపోయి, వెనక్కొచ్చి, మళ్ళీ దాటిపోయి, ఆగకుండా ఊగే రోగం ఏదైనా ఉందా అని అడిగారు. ఆయన తడుముకోలేదు. ఉంది, చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్ళలో బాగా తెలిసిన లక్షణమే అది అన్నాడు. చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకుని ఉన్నంతసేపూ ఏమీ ఉండదు. ఒక పని కోసం చాచితేనే వణుకు మొదలవుతుంది, గ్లాసు దగ్గరయ్యేకొద్దీ ఎక్కువవుతుంది.

తుపాకీ మోటార్ల లెక్కలతో ఇద్దరు మనుషులు డాక్టరు దగ్గరికెళ్ళి, ఫలానా జబ్బు ఉండి తీరాలి అంటే, ఆ జబ్బు అప్పటికే హాస్పిటల్లో ఉంది. ఆయన జీవితం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

వీనర్ దీనికి పక్కనే ఇంకో రోగిని కూడా నిలబెట్టి చూపించాడు. సిఫిలిస్ వల్ల వెన్నుపాము వెనుక భాగం పాడైన రోగి. కండరాలు బాగానే ఉంటాయి, బలముంటుంది. కానీ కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకి కబురందదు. కిందకి చూసుకుంటూ అయితే నడవగలడు, కళ్ళు మూస్తే పడిపోతాడు. ఒక రోగికి తప్పు గురించిన వార్తే రాదు. ఇంకొకరికి వార్త వస్తుంది, దాన్ని ఏ మోతాదులో వాడాలో తెలియదు. మెదడులో ఇవి రెండూ వేర్వేరు పనులని ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

1943లో రోసెన్‌బ్లూత్, వీనర్, బిగెలో ముగ్గురూ కలిసి ఈ ఆలోచనల్ని ఒక చిన్న పేపర్‌గా వేశారు. లక్ష్యం, ఉద్దేశం అనే మాటల్ని యంత్రానికీ జంతువుకీ కలిపి వాడొచ్చని, దానికి ఆత్మ గురించిన చర్చ అక్కర్లేదని, ఎర్రర్‌తో నడిచే ఫీడ్‌బ్యాక్ ఉంటే చాలని దాని సారాంశం. విచిత్రం ఏంటంటే తుపాకీ ప్రాజెక్టు మాత్రం గెలవలేదు. బెల్ ల్యాబ్స్ వాళ్ళ సింపుల్ పద్ధతితో పోలిస్తే వీనర్ అంత గణితానికి తగ్గ లాభం కనపడలేదు, ఆపేశారు. దానికోసం రాసిన రిపోర్టు మాత్రం బతికింది. పసుపు అట్ట, లోపల చదవలేనంత కష్టమైన లెక్కలు. ఇంజనీర్లు దానికి యెల్లో పెరిల్ అని పేరు పెట్టుకున్నారు. మన వీనర్ ఫిల్టర్ అందులోదే. 1960లో విడ్రో, హాఫ్ దాన్ని కొంచెం కొంచెంగా నేర్చుకునే పద్ధతిగా మార్చారు. ప్రతిసారీ ఎర్రర్ ఎంతో చూడటం, దానికి ఒక చిన్న స్టెప్ సైజ్ గుణించి వెయిట్స్ మార్చడం. ఆ స్టెప్ సైజ్ పెద్దదైతే లాస్ ఎలా పిచ్చెక్కినట్టు ఎగురుతుందో న్యూరల్ నెట్‌వర్క్ ట్రెయిన్ చేసిన ప్రతివాడికీ తెలుసు. లియో వీనర్ ఆల్జీబ్రా పాఠం లాగే ఉంటుంది ఆ గ్రాఫ్.

1948లో సైబర్నెటిక్స్ పుస్తకం వచ్చింది. గ్రీకు భాషలో చుక్కాని పట్టే సరంగుని అనే మాట నుంచి తీసుకున్న పేరు. లోపల సగం ఫార్ములాలే, అయినా విపరీతంగా అమ్ముడుపోయింది. సైబర్ సెక్యూరిటీ, సైబర్ క్రైమ్, మన సైబరాబాద్, వీటన్నింటి పేరులో మొదటి ముక్క అక్కడి నుంచి వచ్చిందే. మాదాపూర్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు చుక్కాని సంగతి గుర్తుచేసుకోవచ్చు.

మెదడు గురించి ఆయన ఊహించిన దానికి గట్టి రుజువులు ఆయన పోయాకే ఎక్కువగా వచ్చాయి. 1966లో ఇంగ్లండ్‌లో పాట్రిక్ రాబిట్ ఒక సంగతి చూపించాడు. వేగంగా బటన్లు నొక్కే పనిలో మనుషులు తాము చేసిన తప్పుని ఎవరూ చెప్పకుండానే, చాలా వేగంగా దిద్దుకుంటారు. తప్పు జరిగాక వచ్చే నొక్కు కాస్త నెమ్మదిస్తుందని కూడా అలాంటి ప్రయోగాల్లోనే బయటపడింది. 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ చిన్నమెదడులో కొన్ని ప్రత్యేకమైన నరాల తీగలు నేర్పే సిగ్నల్‌ని మోసుకొస్తాయని సిద్ధాంతం కట్టారు. ఆల్బస్ లెక్కలో అది సూటిగా ఎర్రర్ సిగ్నలే. 1990ల మొదట్లో జర్మనీలో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం విడివిడిగా ఇంకోటి కనిపెట్టాయి. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, తప్పు బటన్ నొక్కిన సెకనులో పదో వంతు లోపే నెత్తి ముందు భాగం మధ్యలో ఒక నెగటివ్ అల లేస్తుంది. స్క్రీన్ మీద రిజల్ట్ ఏమీ చూపించకముందే. అయ్యో అని మనం అనుకునేలోపే మెదడు ఆ మాట అనేసిందన్నమాట. ఎంసెట్ హాల్లో తప్పు ఆప్షన్ క్లిక్ చేసిన వెంటనే గుండె జారడం గుర్తుందా, దాని వెనక ఇది ఉంటుంది.

అంటే బయట నుంచి ఎవరో అరిచి చెప్పకముందే లోపల ఒక కాపలాదారు చెప్పేస్తున్నాడు. అరుపు రావడం వల్ల కొత్తగా తెలిసే సమాచారం చాలా తక్కువ. గెయిన్ మాత్రం పెరుగుతుంది. వారం వారం ర్యాంకులు గోడకి అంటించే చోట రెండేళ్ళు చదివొచ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం, కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

వీనర్ పెద్దమనిషిగా ఎలా ఉన్నాడు అన్నది ఇంకో కథ. హిరోషిమా తర్వాత తన పని ఎవరి చేతికెళుతోందో చూసుకుని ఆగిపోయాడు. క్షిపణుల పనిలో ఉన్న ఒక ఇంజనీరు పాత రిపోర్టు కాపీ అడిగితే ఇవ్వనని జవాబు రాశాడు. ఆ జవాబు 1947 జనవరిలో అట్లాంటిక్ పత్రికలో అచ్చయింది. 1949లో కార్ల కార్మికుల యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్‌కి, మనిషి లేని ఫ్యాక్టరీలు రాబోతున్నాయి, మీవాళ్ళ ఉద్యోగాలు పోతాయి, ఇప్పుడే సిద్ధపడండి అని ఉత్తరం రాశాడు. ఎవరూ అడక్కుండానే. ఇప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి మనం మాట్లాడుకునేవన్నీ ఆయన అప్పుడే మాట్లాడేశాడు.

కానీ తనకి దగ్గరైనవాళ్ళ విషయంలో ఆ జాగ్రత్త లేదు. మెషిన్ లెర్నింగ్ మొదటి యూనిట్‌లో వచ్చే మెకల్లక్, పిట్స్ న్యూరాన్ గుర్తుందా? ఆ వాల్టర్ పిట్స్ చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడు. డిగ్రీ లేదు, డబ్బు లేదు, బుర్ర మాత్రం అద్భుతం. 1943లో ఎమ్ఐటీకి వచ్చాక వీనర్ అతన్ని కొడుకులా చూసుకున్నాడు. ఇల్లు వదిలొచ్చిన పిట్స్‌కి ఒక తండ్రి దొరికాడు. తర్వాత 1952 నాటికి ఒక్కసారిగా, మెకల్లక్‌తో, పిట్స్‌తో, వాళ్ళ చుట్టూ ఉన్న కుర్రాళ్ళందరితో వీనర్ తెగతెంపులు చేసుకున్నాడు. వాళ్ళ మీద ఇంట్లో విన్న ఒక ఆరోపణే దీనికి కారణమని జీవితచరిత్ర రాసినవాళ్ళు అంటారు. నిజమా అని అడగలేదు, కారణం ఇదని చెప్పలేదు. తన తప్పేంటో పిట్స్‌కి తెలియనే లేదు. తెలియని తప్పుని ఎలా దిద్దుకుంటాడు? డాక్టరేట్ కోసం రాసుకున్న కాగితాలు తగలబెట్టేశాడు, తాగుడులో పడ్డాడు. తండ్రి దగ్గర అరుపులు ఎక్కువై వీనర్ దెబ్బతిన్నాడు. వీనర్ దగ్గర ఒక్క మాట కూడా లేక పిట్స్ దెబ్బతిన్నాడు. ఫీడ్‌బ్యాక్ గురించి ప్రపంచానికి చెప్పిన మనిషి చేసిన పని ఇది. చదువుతూ నాకు నిజంగా కోపమొచ్చింది, ఇప్పటికీ పోలేదు.

1955-56లో కలకత్తా వచ్చి మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాడు. తండ్రి నుంచి వచ్చిన అలవాటుతో జీవితమంతా శాకాహారే కాబట్టి భోజనానికి పెద్ద ఇబ్బంది ఉండి ఉండదనుకుంటాను. గణితంలో పెసీ మసానీతో కలిసి అంచనాల సిద్ధాంతం మీద రాసిన పేపర్లు ఆ తర్వాతి ఏళ్ళలో వచ్చాయి.

1961లో మెట్ల మీద నుంచి పడి తుంటి విరిగింది. హాస్పిటల్ మంచం మీద ఉండి కూడా ఊరుకోలేదు. చేతులు పోయినవాళ్ళకి మిగిలిన కండరం నుంచి వచ్చే కరెంటు సంకేతంతో నడిచే కృత్రిమ చెయ్యి చెయ్యొచ్చు కదా అని డాక్టర్లతో చర్చ పెట్టాడు. ఆ మాటల్లోంచే తర్వాత బోస్టన్ ఆర్మ్ పుట్టింది. చెయ్యి కదిలితే సరిపోదని, అది ఏం తాకిందో మనిషికి తిరిగి తెలియాలని ఆయన పట్టు. ఆ రెండో సగం మీద ఇంజనీర్లు ఇంకా కష్టపడుతూనే ఉన్నారు.

1964 జనవరిలో ప్రెసిడెంట్ జాన్సన్ చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అందుకున్నాడు. అదే ఏడాది మార్చి 18న స్టాక్‌హోమ్‌లో, అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మెట్లు ఎక్కుతూ గుండెపోటుతో పడిపోయాడు. అరవై తొమ్మిదేళ్ళు. ఆఖరి పుస్తకం ఆయన పోయాక వచ్చి, 1965లో నేషనల్ బుక్ అవార్డు గెలిచింది. పిట్స్‌తో మాత్రం రాజీ కుదరలేదు. పిట్స్ 1969 మే నెలలో చనిపోయాడు, సెప్టెంబర్‌లో మెకల్లక్.